రేకు పిడి మీద నింద

నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పోయే రోడ్డు, గుట్టలెక్కే ముందు ఒక చోట కాసేపు చదునుగా సాగుతుంది. ఆ చదునులో సక్కుబాయి చాయ్ హోటలు, దాని పక్కనే ముత్యం సైకిలు షాపు. షాపంటే నాలుగు గుంజలు, మీద రేకులు, వెనక తడిక, ముందు గాలిపంపు, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి. ఘాటు రోడ్డు ఎక్కబోయేవాడు అక్కడ గాలి కొట్టించుకుంటాడు. దిగివచ్చినవాడు చాయ్ చెప్పి చేతులు విదిలించుకుంటాడు. దిగినంతసేపూ బ్రేకు పట్టీ పట్టీ వేళ్ళు కొయ్యబారిపోయి ఉంటాయి మరి.

ముత్యం ఆ ప్రాంతపు మనిషి కాడు. జమ్మికుంట పత్తి మార్కెట్ దగ్గర ఒక ఉస్తాద్ కింద పని నేర్చుకున్నాడు. అక్కడ సందుకో సైకిలు షాపు లేచాక, భార్య కనకవ్వ పుట్టినూరు దగ్గరని ఘాటు కిందికి వచ్చి పడ్డాడు. అతన్ని గురించి గొప్పగా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పని వచ్చు, మాట మెత్తన, ఎవరైనా గట్టిగా మాట్లాడితే వెనక్కి తగ్గుతాడు. ఈ చివరి గుణాన్ని లోకం మంచితనం అంటుంది. అది ఎంత నష్టం చేయగలదో తెలిసేసరికి అతనికి నలభై దాటాయి.

ఘాటు పైన ఎల్లగూడ, దాని చుట్టుపక్కల పల్లెలు. అక్కడివాళ్ళకు సైకిలు షోకు వస్తువు కాదు, ఇంటి ఎద్దు లాంటిది. వానలు వెనకపట్టగానే అడవిలో సీతాఫలాలు కళ్ళు విప్పుతాయి. క్యారియరుకు అటూ ఇటూ గంపలు కట్టి, మీద ఇంకో గంప పెట్టి, పొద్దు పొడవగానే ఘాటు దిగాలి. కింద కరీంనగర్ లారీ ఆగి ఉంటుంది. అది వెళ్ళిపోతే మధ్యాహ్నానికి పండు మెత్తబడి మేకల పాలవుతుంది. అందుకని సైకిలు నడిపించుకుంటూ దిగేవాడు లేడు, అందరూ ఎక్కి దిగేవాళ్ళే. ఒక మనిషి, అతనికంటే ఎక్కువ బరువు పండ్లు, కిందికి గుంజే గుట్ట. ఈ మొత్తాన్నీ ఆపవలసింది రెండు చేతుల వేళ్ళు. ఆ వేళ్ళకు అందేది బ్రేకు పిడి.

1981లో ముత్యం కరీంనగర్ నుంచి కొత్త రకం పిడులు తెచ్చాడు. కంపెనీ పిడి గట్టి ఇనుము. ఇది రేకును మడిచి, నొక్కి, మెరుపు పూసినది. దాని మీద పేరు లేదు, ముద్ర లేదు. ధర మాత్రం కంపెనీదానిలో మూడో వంతు. అదే దాని పేరూ ముద్రా అనుకోవాలి.

ఎల్లగూడ మనుషులు ఏదో ఒక దాని మీద తీర్పు చెప్పకుండా చాయ్ తాగరు. ఆ ఏడాదంతా సక్కుబాయి హోటల్లో రేకు పిడి మీదే వాదన. చలికాలం పొద్దున పట్టుకుంటే అంచు అరచేతిని కోస్తుందని ఒకడు. గుడ్డ పేలిక చుట్టుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమేమిటని ఇంకొకడు. కంపెనీ పిడి చెప్పాపెట్టకుండా పుటుక్కున విరుగుతుంది, రేకుదైతే ముందు వంగి మనిషికి కబురు పెడుతుంది, కాబట్టి ఇదే నయం అని మూడోవాడి వాదం. ఒక ముసలాయన ఈ చర్చంతా విని, తన కాలంలో బ్రేకే లేదనీ, ముందు టైరు మీద చెప్పుకాలు అదిమిపెట్టి దిగేవాడిననీ చెప్పి, అరిగిన చెప్పు కూడా చూపించేవాడు. పిడికి కడ్డీలు ఎక్కడ కలుస్తాయో, ఆ కడ్డీలు చివర ఏం చేస్తాయో వంగి చూసినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. చేతికి తగిలేదాని మీదే తీర్పంతా.

రేకు పిడి పక్షం గట్టిగా పట్టినవాడు సిద్దిరాములు. ఎల్లగూడవాడు, ముత్యానికి బాగా దగ్గర, అందరికంటే ముందు బిగించుకున్నది అతనే. ఒకరోజు లారీకి పండ్లు ఎత్తించి వచ్చి, బెంచీ మీద కాళ్ళు చాపుకుని తేల్చేశాడు.

"కంపెనీ పిడి దొరసాని లెక్క ముత్యమన్నా. ఎంత గట్టిగ పట్టినా ఉలకదు పలకదు. గిది నా పెండ్లాం దేవవ్వ లెక్క. ముట్టంగనే కిర్రుమంటది, కని మాట ఇంటది."

"గీ మాట దేవవ్వ చెవుల పడనియ్యి భావూ," అంది సక్కుబాయి తన మరాఠీ పిలుపుతో, చాయ్ వడగడుతూ, "నీ ముక్కు సొట్టవోతది."

ఆ నవ్వులతోనే ముత్యం పిడులు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడు వానలు ముగిసేసరికి ఎల్లగూడలో సగానికి పైగా సైకిళ్ళకు రేకు పిడులే.

దసరాకు ఆ పల్లెల్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లో ఉన్న ఇనుమంతటికీ తలంటుతారు. కొడవలి, గొడ్డలి, నాగటి కర్రు, ఆఖరికి తాళంచెవి కూడా. చంటిపిల్లకు పూసినట్టు ఆముదంలో పసుపు కలిపి ఒళ్ళంతా పట్టించి, బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టి దేవుడి ముందు వరసగా పెడతారు. ఇది ఆడవాళ్ళ పని. గొడ్డలికీ కొడవలికీ అది మంచిదే, తుప్పు పట్టదు. తర్వాత పల్లెలోకి సైకిలు వచ్చింది. అదీ ఇనుమే గనక ఆ వరసలో చేరింది. దానికీ తలంటు మొదలైంది. చాలామంది హ్యాండిలుకూ గొట్టాలకూ నాలుగు చుక్కలు రాసి వదిలేసేవాళ్ళు. సిద్దిరాములు భార్య దేవవ్వ అలా వదిలేసే మనిషి కాదు. ఏ పని చేసినా అంచులదాకా చేస్తుంది. ఆ పని మొదటిసారి తన చేతికి వచ్చిన 1982 దసరా నాడు ఆమె చక్రంలోని పుల్లపుల్లా, రిమ్ము లోపలి వంపూ, బ్రేకు రబ్బర్లూ వదలకుండా ఆముదం పట్టించింది. మొగుడి బతుకుతెరువు అది. దేవతకు చూపించేటప్పుడు లోటు ఉండకూడదనుకుంది.

మర్నాడు పొద్దున్నే సిద్దిరాములు గంపలు కట్టుకుని బయల్దేరాడు. ఊరి నుంచి ఘాటు పైదాకా బరువుతో సైకిలును నెట్టుకుంటూ రావడమే, బ్రేకు పట్టే పని పడదు. అక్కడ ఎక్కి కూచున్నాడు. మొదటి మలుపు ఎలాగో తిరిగాడని వెనక వస్తున్నవాళ్ళు చెప్పారు. రెండో మలుపులో లోయ అంచు గోడకు కొట్టుకుని అవతలికి పడ్డాడు. వాళ్ళు లోయలోకి దిగి చేరేసరికి ప్రాణం లేదు. రోడ్డు మీద పగిలిన సీతాఫలాలు. రాతి మీద పడి ఉన్న సైకిలుకు కుడివైపు రేకు పిడి హ్యాండిలుదాకా వంగి, మడతపడి ఉంది.

ఆ మడతపడ్డ రేకును అందరూ చూశారు. ఇక విచారించవలసింది ఏముంది? ఏడాదిగా రెండు పక్షాలుగా ఉన్న హోటలు ఒక్క పూటలో ఏకమైంది. పేలిక చుట్టుకోమన్నవాడూ, రేకు కబురు పెడుతుందన్నవాడూ తామెన్నడూ దాన్ని మెచ్చుకోలేదన్నారు. అగ్గువ సామాను అంటగట్టి పేదోని పానం తీసిండని ముత్యం ముఖం మీదే అన్నారు. కొందరు పెద్దలు ఇంకా పైకి పోయి, సిద్దిరాములు ఆయుష్షు అంతేననీ, రెండో మలుపు దగ్గర పోచమ్మకు మొక్కు బాకీ పడిందనీ చెప్పి మేకను కోయించారు. మేకను తిన్నారు. మలుపు మలుపులాగే ఉంది.

ముత్యమూ అదే నమ్మాడు. షాపులో మిగిలిన రేకు పిడులన్నీ తొట్టి పక్కన రాయి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. అమ్మినవాటిని విప్పి, తన ఖర్చుతో కంపెనీవి బిగించాడు. దినాల నాడు ఎల్లగూడ పోయి అందరికీ వెనక నిలబడ్డాడు. దేవవ్వే అతన్ని చూసి దగ్గరికి వచ్చింది.

"నువ్వు కావాల్నని చేస్తవా అన్నా," అంది. "కూసో. తిని పో."

ఆ క్షమ పట్టుకుని అతను ఘాటు దిగాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు దేవవ్వ తమ్ముడు లింగమూర్తి సిద్దిరాములు సైకిలును భుజాన వేసుకుని షాపుకు తెచ్చాడు. అక్క ఒంటరిదైపోయిందని ఆమె దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. సైకిలు బాగుచేస్తే తను తొక్కుతానన్నాడు. వదిలేసి వెళ్ళాక ముత్యం దాన్ని తలకిందులు చేసి పెట్టాడు. వంగిన పిడిని సుత్తితో సరిచేసి, ఊరికే ఒకసారి నొక్కి చూశాడు. కడ్డీ కదిలింది. రబ్బర్లు రెండూ వచ్చి వెనక రిమ్ముకు అదుముకున్నాయి. పిడి చేయవలసిన పని చేసింది. అయినా చక్రం తిరుగుతూనే ఉంది. చేత్తో ఇంకా గట్టిగా తిప్పాడు, ఇంకా గట్టిగా నొక్కాడు. తిరుగుతూనే ఉంది. రిమ్ము లోపలి వంపులో వేలు పెట్టి తీస్తే పసుపు కలిసిన ఆముదం, దాని మీద దుమ్ము. రబ్బర్లు నూనె తాగి ఉన్నాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్త రబ్బర్లు వేసి పిడి పట్టాడు. చక్రం టక్కున నిలిచిపోయింది.

అప్పుడు అర్థమైంది. రేకు వంగింది అది చవకది కావడం వల్ల కాదు, దాన్ని పట్టుకున్న మనిషి ఆగని సైకిలును ఆపాలని ప్రాణమంతా వేళ్ళలోకి తెచ్చుకున్నందువల్ల. ఆ ఆముదం పూసిన చెయ్యి ఎవరిదో ముత్యానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంటికి పోయి కనకవ్వకు చెప్పాడు. ఆ నింద నువ్వే మోస్తావా అని కనకవ్వ అడిగింది. చెబితే నా మీద మచ్చ పోతుంది, కానీ మొగుణ్ణి తన చేత్తోనే చంపుకున్నానని తెలిసి ఆ పిల్ల ఎలా బతుకుతుంది, అన్నాడు ముత్యం. కనకవ్వకూ ఆ మాటే సబబనిపించింది. ఇద్దరూ దాన్ని దయ అనుకున్నారు. కొంత దయే. మిగతాది, ఎల్లగూడలో ఆ వాకిట్లో నిలబడి ఆ మాట అనవలసి రాకపోవడం వల్ల కలిగిన హాయి. అతను ఆ రెండింటినీ విడదీసి చూసుకోలేదు. అలా చూసుకునేవాళ్ళు తక్కువ.

మళ్ళీ దసరా దగ్గరపడుతుంటే మనసు నిలవలేదు. గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడితోనూ రిమ్ముకు నూనె తగలనియ్యకండని మాటల మధ్యలో అనేవాడు. ఎందుకని అడిగితే బ్రేకు జారుతుందనేవాడు. ఎవరిది జారింది, ఎప్పుడు జారింది అంటే గాలిపంపు మీదికి వంగేవాడు. రేకు పిడి అమ్మినాయన ఇప్పుడు నూనె మీద పడ్డాడని వాళ్ళు నవ్వుకున్నారు. పైగా అతను చెప్పింది మగవాళ్ళకు. ఆముదం గిన్నె ఆడవాళ్ళ చేతుల్లో ఉంటుంది. ఆ మాట ఘాటెక్కి ఇళ్ళలోకి పోలేదు. పోదని అతనికీ లోలోపల తెలుసు. చెప్పాననే తృప్తి మిగిలింది, అంతే.

లింగమూర్తికి అప్పుడు దుబాయి వీసా వచ్చి ఉంది. పాస్‌పోర్టు తయారు, ఏజెంటు బొంబాయి రమ్మన్నాడు. పండుగ తర్వాత సీతాఫలాల పని ఒక్కటి చూసుకుని పోతానన్నాడు. బావ చావు కళ్ళముందుంది కాబట్టి అతని సైకిలుకు గట్టి కంపెనీ పిడులే. మొగుడు పోయిన దసరాకు ఏం లోపం జరిగిందోనని భయపడి, దేవవ్వ ఈసారి తమ్ముడి సైకిలుకు ఇంకా శ్రద్ధగా తలంటింది.

మర్నాడు అతను మొదటి మలుపులోనే పడ్డాడు. అదృష్టమేమిటంటే లోయవైపు కాకుండా గుట్టవైపు పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. తర్వాత అతికింది గాని కాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. కుంటికాలుతో మెడికల్ పరీక్షలో నెగ్గడని ఏజెంటు ఆ వీసాను ఇంకొకరికి ఇచ్చేశాడు. హోటల్లో మళ్ళీ చర్చ. ఈసారి కంపెనీ పిడి కూడా మోసం చేసిందన్నారు. ఆ ఇంటికే ఏదో పట్టిందన్నారు. దేవవ్వ కాలు పెట్టిన చోట మగవాడు నిలవడని ఒకాయన మెల్లగా అన్నాడు.

ఆ మాట విన్నాక ముత్యం చేతిలో నట్టు విప్పే పాన వదిలేసి, షాపు కనకవ్వకు చూడమని చెప్పి, ఘాటెక్కే బస్సు పట్టుకున్నాడు.

ఎల్లగూడలో మిట్టమధ్యాహ్నం. దేవవ్వ వాకిట్లో కూచుని మక్కకంకులు ఒలుస్తోంది. లోపల మంచం మీద లింగమూర్తి, కాలుకు కట్టుతో. ఆమె చాప వేయబోతే వద్దన్నాడు. నిలబడే చెప్పాడు.

"చెల్లే, రేకు పిడి కాదు. బావకు గిట్ల కావడానికి పిడి కాదు. రిమ్ముకు ఆముదం ఉండె. లింగమూర్తి సైకిలుకు గూడ గదే."

ఆమె చేతుల్లో కంకి తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. ఆముదం ఉంటే ఏమవుతుందని అడిగింది. చెప్పాడు. బ్రేకు ఎలా పట్టాలి, రబ్బరు ఎక్కడ ఒరుసుకోవాలి, నూనె ఉంటే అక్కడ ఏమవుతుంది, అన్నీ చిన్న మాటల్లో చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"సైకిలు నా షాపుకు తెచ్చిన నాడే."

"అంటే నిరుడే."

"నిరుడే. నీకు చెప్తె తట్టుకుంటవో లేదోనని…"

"మొదటిది నేను తెల్వక చేసిన," అంది దేవవ్వ. గొంతు పెంచలేదు. "రెండోది నువ్వు తెల్సి చేసినవ్."

ముత్యం లోపలి మంచం వైపు చూశాడు.

"నా దుఃఖం నువ్వు మోస్తనన్నవా? ఎవరడిగిండ్రు నిన్ను? మోస్తె మోసినవ్, ఇప్పుడు వాని కాలు మోస్తవా?" ఒళ్ళోని కంకులు నేల మీదికి దులిపి లేచింది. "రా. నాకు చెప్పుడు గాదు. వానికి చెప్పు. ఏదీ మిగిలియ్యకుంట చెప్పు."

లోపలికి పోయి మంచం పక్కన కూచుని ముత్యం మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. తను దాచిన సంగతి కూడా చెప్పాడు. లింగమూర్తి నమ్మలేదు. సైకిలు లోపలికి తెమ్మన్నాడు. పడిననాటి నుంచీ దాన్నెవరూ ముట్టుకోలేదు. దేవవ్వ వెనక చక్రం పైకెత్తి తిప్పింది. లింగమూర్తి మంచం మీది నుంచి ఒరిగి, కంపెనీ పిడిని పిడికిలి బిగించి పట్టాడు. చక్రం తిరుగుతూనే ఉంది. అతను పిడి వదిలేశాడు. వదిలాక కూడా ఆమె ఆ చక్రాన్ని కింద పెట్టలేదు. అది దానంతటది ఆగేదాకా పట్టుకునే నిలబడింది.

ముత్యం మీద మచ్చ పోయిందా అంటే, పెద్దగా పోలేదు. విషయం తెలిశాక హోటల్లో కొందరు తాము అప్పుడే అనుకున్నామన్నారు. కొందరు నూనె సంగతి సరేగానీ రేకు రేకేనన్నారు. ఒకసారి స్థిరపడ్డ అభిప్రాయాన్ని నిజం వచ్చి లేపినా అది లేవదు. లింగమూర్తి నిర్మల్‌లో ఒక కిరాణా దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. ముత్యం ఎదురుపడితే పలకరించేవాడు. దేవవ్వ మాత్రం ఆ రోజు తర్వాత అతనితో మాట్లాడలేదు. చేయని తప్పుకు ఒకసారి క్షమించి ఉంది. చేసినదానికి క్షమించాలని ఆమెకు అనిపించలేదు. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

మరుసటి దసరాకు ముందు ఆమె ఎల్లగూడలోనూ పక్క పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి వాకిట్లోనూ ఆడవాళ్ళను పిలిచి, నా మొగని చక్రానికి నేనే ఆముదం పూసిన, మీరు పూయకండి, అని చెప్పింది. వెనక గుసగుసలాడుకోవడానికి ఎవరికీ ఏమీ మిగల్చలేదు. కిష్టవ్వ అనే పెద్దావిడ అడ్డుపడింది. ఇనుములో ఒక భాగానికి తలంటి ఒక భాగాన్ని వదిలేస్తే అమ్మవారికి కోపం రాదా అంది.

"కోపమొస్తె నా మీదికే రమ్మను," అంది దేవవ్వ. "నాకాడ తీస్కపోవుటానికి ఇంక ఏమున్నది?"

అయినా మానని ఇళ్ళు ఉంటాయి. ఆ సంగతి తెలిసి, ఆ దసరా మర్నాడు ముత్యం తెల్లవారకముందే బస్సెక్కి ఘాటు పైన దిగాడు. కిరసనాయిలు సీసా, పాత గుడ్డలు, సంచిలో పొయ్యి బూడిద. దిగబోయే ప్రతి సైకిలునూ ఆపి, గంపలతో సహా ఒకరిని పట్టుకోమని, చక్రం పైకెత్తి రిమ్ము తుడిచి, బూడిద రుద్ది, మళ్ళీ తుడిచేవాడు. కొందరు విసుక్కున్నారు. లారీ పోతుందని ఒకడు తిట్టాడు. ముత్యం ఈసారి వెనక్కి తగ్గలేదు. హ్యాండిలు వదలకుండా తుడిచే దాకా నిలబెట్టాడు.

దేవవ్వ తన పండ్ల గంపను తల మీద మోసుకుని అక్కడికి వచ్చింది. పొరుగింటివాడి సైకిలు మీద పంపాలి. అప్పటికే ముత్యం ఆ సైకిలు చూసి పక్కన పెట్టి ఉన్నాడు. ఆమె గంప దించింది. ముత్యం వైపు చూడకుండా వెనక చక్రం పైకెత్తి ఒక చేత్తో గట్టిగా తిప్పి, పిడి పట్టమని పొరుగింటివాడికి చెప్పింది. చక్రం నిలిచింది. ముందు చక్రం కూడా అలాగే తిప్పించి చూసింది. తర్వాత పక్క సైకిలు, దాని తర్వాతది. ముత్యం తుడిచి పంపిన ప్రతిదాన్నీ ఆమె మళ్ళీ తిప్పి చూస్తోంది. అతను తన పని తాను చేసుకుపోయాడు.

రోడ్డు మీదికి జీపులు, టెంపోలు వచ్చి పండ్లు వాటిలో పోవడం మొదలయ్యేదాకా, తొంభైల్లో కూడా కొన్నేళ్ళు, దసరా మర్నాడు ఇద్దరూ అక్కడికి వచ్చేవాళ్ళు. అతను తుడిచేవాడు, ఆమె తిప్పి చూసేది. ఇద్దరి మధ్య ఒక సైకిలు పొడవు దూరం. ఆమె మాట్లాడేది సైకిలు తొక్కేవాళ్ళతోనే.

"పట్టు," అనేది. చక్రం నిలిచాక, "పో."